ఇంటి నెట్‌వర్క్ బ్యాకప్ డ్రైవు: లోపాన్ని గుర్తించడం నుంచి కొత్తది అమర్చడం దాకా

ఇంట్లోని కంప్యూటర్లు, ఫోన్లు తమ ఫైళ్ల నకళ్లను దాచుకొనే నెట్‌వర్క్ డ్రైవు ఉన్నట్టుండి కనిపించకుండా పోతే, చాలామంది వెంటనే డ్రైవే పోయిందన్న నిర్ధారణకు వచ్చి కొత్తది కొనడానికి సిద్ధపడతారు. డ్రైవులు పాడవుతాయనడంలో సందేహం లేదు. అయితే మారిపోయిన ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్య), కంప్యూటర్‌లో మిగిలిపోయిన పాత పాస్‌వర్డ్, లోపల తీగ తెగిన కేబుల్, బలహీనపడిన పవర్ అడాప్టర్ కూడా పైకి అవే లక్షణాలను చూపిస్తాయి. అందువల్ల డ్రైవును బయటికి తీయకముందు చేయవలసిన పనులకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు కేటాయించాను. మరలు విప్పి కొత్త డ్రైవు బిగించడం మొత్తం పనిలో అతి తేలికైన భాగం.

ఇక్కడ చెప్పేది రెండు రకాల ఏర్పాట్లకు వర్తిస్తుంది. మొదటిది నాస్ అని పిలిచే, ఒకటి లేదా అంతకంటే ఎక్కువ డ్రైవులు పట్టే ప్రత్యేకమైన పెట్టె. రెండవది రౌటర్ యూఎస్‌బీ పోర్టుకు తగిలించిన మామూలు ఎక్స్‌టర్నల్ డ్రైవు. రౌటరూ డ్రైవూ ఒకే పెట్టెలో ఉండే ఆపిల్ టైమ్ క్యాప్సూల్ వంటివి కూడా కొన్ని ఇళ్లలో ఇంకా పనిచేస్తున్నాయి. ఆ ఉత్పత్తిని ఆపిల్ 2018లోనే నిలిపివేసింది కాబట్టి, అందులో డ్రైవు పోయినప్పుడు మరో డ్రైవు వేయడానికి శ్రమపడే బదులు ఏర్పాటునే మార్చుకోవడం మేలని నా అభిప్రాయం.

ముందుగా చేయకూడని పనులు

డ్రైవు మీద అనుమానం కలిగిన క్షణం నుంచి దానిమీద కొత్తగా ఏదీ రాయకూడదు. రాత్రిపూట దానంతట అదే నడిచే బ్యాకప్‌ను ప్రతి కంప్యూటర్‌లోనూ తాత్కాలికంగా ఆపివేయండి. పెట్టెను పదే పదే ఆపి మళ్లీ ఆన్ చేయడం కూడా మంచిది కాదు. చివరి దశలో ఉన్న డ్రైవు ఒకసారి తిరగడం ఆగితే మళ్లీ తిరగకపోవచ్చు.

నాస్ నుంచి తీసిన డ్రైవును విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే, దానిని ఫార్మాట్ చేయాలనో ఇనిషియలైజ్ చేయాలనో ఒక సందేశం వస్తుంది. డ్రైవు పాడైపోయిందని దాని అర్థం కాదు. నాస్ పెట్టెలు సాధారణంగా ఈఎక్స్‌టీ4 లేదా బీటీఆర్ఎఫ్ఎస్ వంటి లినక్స్ ఫైల్ వ్యవస్థలను వాడతాయి, వాటిని విండోస్ తనంతట తాను గుర్తించదు. ఆ సందేశానికి సరే అనడం వల్ల, నిక్షేపంగా ఉన్న సమాచారాన్ని యజమాని తన చేతులతోనే చెరిపేసుకొనే ప్రమాదం ఉంది. చెక్‌డిస్క్ వంటి మరమ్మతు పరికరాలనూ ఈ దశలో దూరంగా ఉంచండి, ఎందుకంటే అవి ఫైల్ వ్యవస్థను సరిదిద్దే క్రమంలో డ్రైవు మీద రాస్తాయి. నకలు తీసుకోవడం ముందు, మరమ్మతు ఆ తరువాత.

లోపం ఎక్కడుంది

తనిఖీని కంప్యూటర్ దగ్గర మొదలుపెట్టి డ్రైవు వైపు వెళ్లండి. మొదటి ప్రశ్న: డ్రైవు ఒక్క కంప్యూటర్‌కే కనిపించడం లేదా, అన్నింటికీనా? ఒక్కదానికే అయితే డ్రైవును దాదాపు నిర్దోషిగా ఎంచవచ్చు.

అటువంటప్పుడు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ జాబితాను నమ్ముకోకుండా, అడ్రస్ బార్‌లో రెండు వెనక్కి వాలిన గీతలు, వాటి పక్కనే నాస్ ఐపీ చిరునామా టైప్ చేసి చూడండి. మ్యాక్‌లో ఫైండర్ గో మెనూలోని కనెక్ట్ టు సర్వర్ ద్వారా ఇదే పని చేయవచ్చు. ఇలా తెరుచుకుంటే లోపం పేరును వెతికే వ్యవస్థలో మాత్రమే ఉన్నట్టు. తెరుచుకోకుండా పాస్‌వర్డ్ అడిగి తిరస్కరిస్తే, విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాగి ఉన్న పాత పాస్‌వర్డ్‌ను తొలగించి మళ్లీ ప్రయత్నించండి.

విండోస్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచి పాత నాస్ కనిపించకపోవడానికి వేరే కారణం ఉంటుంది. ఎస్‌ఎంబీ అనే ఫైల్ పంపిణీ పద్ధతి మొదటి సంచికలో భద్రతా లోపాలు ఉన్నాయి. 2017 మేలో విజృంభించిన వన్నాక్రై అనే హానికర సాఫ్ట్‌వేర్ వాటినే వాడుకొని వ్యాపించింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 విడుదల నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఆ సంచిక ముందుగా అమర్చి రావడం ఆగిపోయింది. విండోస్ 11లోని 24హెచ్2 విడుదల మరింత కఠినంగా మారి, ప్రో వంటి సంచికలలో పాస్‌వర్డ్ లేని అతిథి ప్రవేశాన్ని అడ్డుకుంటుంది. పాత పద్ధతిని తిరిగి తెరవమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు, కానీ దానివల్ల ఇంటి కంప్యూటర్ల భద్రతకే ముప్పు. నాస్ సాఫ్ట్‌వేర్‌ను నవీకరించి, అందులో ఎస్‌ఎంబీ రెండు లేదా మూడవ సంచికను ఎంచుకొని, ప్రతి వినియోగదారుకు పాస్‌వర్డ్ ఏర్పాటు చేయడమే సరైన పరిష్కారం.

అన్ని కంప్యూటర్లకూ కనిపించకపోతే రౌటర్ పేజీలోకి వెళ్లి, అనుసంధానమైన పరికరాల జాబితాలో నాస్ ఉందో లేదో చూడండి. ఉండి, చిరునామా మాత్రం మారి ఉంటే, రౌటర్ తిరిగి ఆన్ అయినప్పుడు కొత్త చిరునామా కేటాయించిందన్నమాట. డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే సెట్టింగులో నాస్‌కు ఒక స్థిరమైన చిరునామా కేటాయిస్తే ఈ ఇబ్బంది మళ్లీ తలెత్తదు. జాబితాలో అసలు లేకపోతే కేబుల్, రౌటర్ పోర్టు, పవర్ అడాప్టర్‌లను ఆ వరుసలోనే మార్చి చూడండి.

అడాప్టర్‌ను చాలామంది లెక్కలోకి తీసుకోరు. 3.5 అంగుళాల డ్రైవు తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల తీగ నుంచి సుమారు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. వయసు మీరిన అడాప్టర్ ఆ భారాన్ని మోయలేకపోతే, పెట్టె దీపాలు వెలిగి, డ్రైవు కాస్త తిరిగి, అంతలోనే మొత్తం ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. చూసేవారికి డ్రైవు కొన ఊపిరితో ఉన్నట్టే అనిపిస్తుంది. బదులు అడాప్టర్ వోల్టేజీ, ధ్రువాల అమరిక పాతదానితో సరిగ్గా సరిపోవాలి. ఆంపియర్లు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. రౌటర్‌కు తగిలించిన చిన్న డ్రైవుల విషయంలోనూ ఇదే చిక్కు వస్తుంది. యూఎస్‌బీ 2 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీఆంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్టు 900 మిల్లీఆంపియర్లు మాత్రమే ఇస్తుంది. అది చాలనప్పుడు విడిగా కరెంటు అందించే యూఎస్‌బీ హబ్ వాడాలి.

డ్రైవు కనిపిస్తూనే విపరీతంగా నెమ్మదించిందనుకోండి. పెద్ద ఫైలు ఒకటి కాపీ చేసి వేగం గమనించండి. సెకనుకు 110 మెగాబైట్ల దగ్గర ఉంటే గిగాబిట్ నెట్‌వర్క్ తన శక్తి మేరకు పనిచేస్తున్నట్టే. సరిగ్గా 11 మెగాబైట్ల దగ్గర ఆగిపోతే, అనుసంధానం 100 మెగాబిట్లకు పడిపోయిందని ధైర్యంగా చెప్పవచ్చు. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. అందుకే ఆ రెండు జతలు కాక మిగిలినవాటిలో తీగ తెగితే పని ఆగిపోదు గానీ వేగం పది వంతుల్లో ఒక వంతవుతుంది. కేబుల్ మారిస్తే సరి. వేగం కాసేపు బాగుండి, కాసేపు సున్నాకు పడి, మళ్లీ లేస్తూ ఉంటే మాత్రం అనుమానం డ్రైవు మీదికి మళ్లించాలి.

బ్యాకప్ విఫలమైందన్న సందేశానికి మరో సాధారణ కారణం డ్రైవు నిండిపోవడం. తొలగించిన ఫైళ్లు నాస్ రీసైకిల్ బిన్‌లోనో ఒక క్షణంలోని ఫైళ్ల స్థితిని దాచే పాత స్నాప్‌షాట్‌లలోనో చోటు ఆక్రమించుకొని ఉండవచ్చు. మ్యాక్‌లోని టైమ్ మెషీన్‌కు పరిమితి విధించకపోతే, దొరికిన చోటంతా వాడుకున్న తరువాతే పాత నకళ్లను తీసివేస్తుంది.

డ్రైవు ఆరోగ్యాన్ని చదవడం

ప్రతి డ్రైవూ తన లోపాల లెక్కను స్మార్ట్ అనే పట్టికలో తానే రాసుకుంటుంది. నాస్ నిర్వహణ పేజీలో స్టోరేజ్ విభాగం కింద ఈ పట్టిక దొరుకుతుంది. అందులో పదుల కొద్దీ వరుసలు ఉన్నా, ఇంటి అవసరానికి నాలుగింటిని చదవగలిగితే చాలు.

5వ సంఖ్య గల వరుస, పాడైపోయి అదనపు స్థలానికి మార్చిన సెక్టార్ల (సమాచారం దాచే చిన్న గడుల) లెక్క. అది చిన్న సంఖ్య దగ్గర నెలల తరబడి నిలకడగా ఉంటే డ్రైవు ఇంకా కొంతకాలం పనిచేయవచ్చు. వారం వారం పెరుగుతుంటే మార్చవలసిందే. 197వ వరుస, చదవడం కష్టమై తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లది. 198వ వరుస, డ్రైవు స్వయంగా చేసుకొనే తనిఖీలో సరిదిద్దలేకపోయిన సెక్టార్లది. బ్యాకప్ డ్రైవులో ఈ రెండింటిలో ఏది సున్నా కాకపోయినా నేను మార్పిడికే మొగ్గు చూపుతాను, ఎందుకంటే అసలు ఫైలు పోయిన రోజున కావలసిన సెక్టార్ అదే కావచ్చు.

199వ వరుస వీటికి భిన్నమైనది. డ్రైవుకూ బోర్డుకూ మధ్య ప్రయాణంలో చెడిన సమాచారాన్ని అది లెక్కిస్తుంది, కాబట్టి అది పెరిగితే దోషం చాలావరకు కేబుల్‌దో, సరిగా కూర్చోని కనెక్టర్‌దో అయి ఉంటుంది. డ్రైవును అది కూర్చునే అర (బే)లోంచి తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి, ఆ సంఖ్య అక్కడే ఆగిందేమో చూడండి. అది వెనక్కి తగ్గదు, పెరగడం ఆగితే చాలు. సీగేట్ డ్రైవులలో 1, 7 వరుసల ముడి విలువలు కోట్లలో కనిపించి కంగారుపెడతాయి. వాటిని ఆ కంపెనీ వేరే పద్ధతిలో లెక్కిస్తుంది కాబట్టి పట్టించుకోనక్కరలేదు.

పట్టికలో ఏమీ తేలకపోతే ఎక్స్‌టెండెడ్ టెస్ట్ నడపండి. అది డ్రైవు ఉపరితలాన్నంతా చదువుతుంది, పెద్ద డ్రైవుకు సగం రోజు పైగా పడుతుంది. అయితే ముఖ్యమైన ఫైళ్లకు వేరే నకలు లేనప్పుడు ఈ పరీక్షను కూడా వాయిదా వేసి, ముందు ఆ ఫైళ్లను బయటికి తెచ్చుకోండి.

ఉన్నంత వరకు కాపాడుకోవడం

డ్రైవు ఇంకా చదవడానికి వీలుగా ఉంటే, తిరిగి సంపాదించలేని వాటిని, అంటే కుటుంబ ఛాయాచిత్రాలు, పత్రాలు, సొంత రాతలను ముందుగా కాపీ చేయండి. ఇన్‌స్టాలర్లు, సినిమాలు వంటివి ఆఖరున చూడవచ్చు. చదువుతూ చదువుతూ ఆగిపోయే డ్రైవు నుంచి మామూలు కాపీ పద్ధతిలో ఫైళ్లు తీయడం కష్టం. అటువంటప్పుడు లినక్స్‌లో నడిచే జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, బాగున్న భాగాలను ముందు తీసి, మొండికేసిన భాగాలకు తరువాత తిరిగి వచ్చి, డ్రైవు మొత్తానికి అద్దం లాంటి నకలు తయారుచేస్తుంది. ఆ తరువాతి ప్రయోగాలన్నీ నకలు మీదే చేయాలి.

డ్రైవు నుంచి టక్ టక్‌మని లయబద్ధంగా శబ్దం వస్తుంటే లోపల సమాచారాన్ని చదివే హెడ్డు దెబ్బతిన్నదన్నమాట. వెంటనే ఆపివేయండి. అందులోని సమాచారం నిజంగా విలువైనదైతే డేటా రికవరీ నిపుణులకు అప్పగించడం తప్ప ఇంట్లో చేయగలిగింది లేదు. డ్రైవును ఫ్రీజర్‌లో పెట్టమనే పాత చిట్కా ఇప్పటికీ వినిపిస్తుంది. బయటికి తీశాక, లోపల సమాచారం ఉండే గుండ్రటి పళ్లాలపై పేరుకొనే తేమ, మిగిలిన అవకాశాన్ని కూడా పోగొడుతుంది.

కొత్త డ్రైవు ఎంపిక

ఒక డ్రైవు పోయినా సమాచారం నిలిచేలా పలు డ్రైవులను కలిపి వాడే రెయిడ్ ఏర్పాటులో కొత్త డ్రైవు సామర్థ్యం పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, ఒక్క సెక్టార్ తక్కువైనా చాలా పెట్టెలు ఒప్పుకోవు. 4 టెరాబైట్ల డ్రైవును కంప్యూటర్ 3.63గా చూపిస్తే మోసం జరిగినట్టు కాదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కించినదానిని విండోస్ 1024 చొప్పున లెక్కించడమే ఆ తేడాకు కారణం. పాత నాస్ పెట్టెలు ఎంత పెద్ద డ్రైవును గుర్తించగలవో తయారీదారు పొందికల జాబితాలో చూసుకోండి.

సామర్థ్యం కంటే జాగ్రత్తగా చూడవలసింది రాత పద్ధతి. కొన్ని డ్రైవులు ఇంటి కప్పు మీది పెంకుల్లాగా ఒక ట్రాకు (సమాచారం రాసే వలయం) అంచును మరో ట్రాకు కప్పేలా రాస్తాయి. దీనిని ఎస్‌ఎంఆర్ అంటారు. ఒక ట్రాకును మార్చాలంటే పక్కవాటిని కూడా తిరిగి రాయవలసి రావడం వల్ల, మిగిలిన డ్రైవుల సమాచారంతో కొత్త డ్రైవును గంటల తరబడి ఆగకుండా నింపే రీబిల్డ్ సమయంలో ఇవి బాగా నెమ్మదించి, ఒక్కోసారి రెయిడ్ నుంచే బయటికి నెట్టివేయబడతాయి. వెస్టర్న్ డిజిటల్ సంస్థ నాస్ కోసం అమ్మే రెడ్ శ్రేణిలోని 2 నుంచి 6 టెరాబైట్ల కొన్ని మోడళ్లు ఈ పద్ధతివేనని 2020లో బయటపడి వివాదమైంది, తరువాత ట్రాకులు ఒకదానినొకటి కప్పకుండా రాసే సీఎంఆర్ పద్ధతి డ్రైవులను రెడ్ ప్లస్ అనే పేరుతో వేరుచేశారు. కాబట్టి పెట్టె మీద నాస్ అన్న మాట చూసి తృప్తిపడకుండా, మోడల్ సంఖ్యను బట్టి సీఎంఆర్ అవునో కాదో తయారీదారు పత్రంలో నిర్ధారించుకోండి. రౌటర్‌కు తగిలించే ఒంటరి బ్యాకప్ డ్రైవుకు ఇంత పట్టింపు అవసరం లేదు.

నాస్ డ్రైవుకూ డెస్క్‌టాప్ డ్రైవుకూ మరో తేడా ఉంది. చదవలేని సెక్టార్ ఎదురైనప్పుడు నాస్ డ్రైవు సాధారణంగా 7 సెకన్లలో ప్రయత్నం విరమించి సమాచారం అందలేదని రెయిడ్‌కు చెబుతుంది. డెస్క్‌టాప్ డ్రైవు పట్టువదలకుండా ఇంకా చాలాసేపు ప్రయత్నిస్తుంది, ఈలోగా స్పందన లేదని రెయిడ్ దానిని పోయిన డ్రైవుగా ప్రకటించవచ్చు.

కొత్త డ్రైవును వీలైతే మరో కంప్యూటర్‌కు తగిలించి ఎక్స్‌టెండెడ్ టెస్ట్ పూర్తిచేసిన తరువాతే నాస్‌లో పెట్టండి. పుట్టుకతోనే లోపమున్న డ్రైవు రీబిల్డ్ మధ్యలో బయటపడటం కంటే, వాపసు గడువు ఉండగానే బయటపడటం మంచిది.

డ్రైవు మార్చే క్రమం

1. నాస్ సెట్టింగుల నకలును ఒక ఫైలుగా కంప్యూటర్‌లో దాచుకోండి. ఎన్‌క్రిప్షన్ వాడుతుంటే దాని తాళం కూడా నాస్ బయట ఉందని నిర్ధారించుకోండి.

2. నిర్వహణ పేజీలో పాడైన డ్రైవు సీరియల్ నంబరు రాసుకోండి. బే సంఖ్యలు ఒకటి నుంచి మొదలవుతాయో సున్నా నుంచి మొదలవుతాయో, ఎడమ నుంచో కుడి నుంచో పెట్టెను బట్టి మారుతుంది. ఒకే ఒక్క డ్రైవు నష్టాన్ని తట్టుకొనే రెయిడ్ 5లో ఒక డ్రైవు పోయాక పొరపాటున బాగున్నదానిని లాగితే మొత్తం నిల్వ కూలిపోతుంది. సీరియల్ నంబరు ఒక్కటే నమ్మదగిన ఆనవాలు.

3. పెట్టె నడుస్తుండగానే డ్రైవు మార్చే సదుపాయం ఉందని మాన్యువల్‌లో స్పష్టంగా ఉంటే తప్ప, నిర్వహణ పేజీ నుంచే పెట్టెను ఆపి, ప్లగ్ తీసి, పళ్లాలు పూర్తిగా ఆగేదాకా కాసేపు ఆగండి.

4. లోహపు వస్తువును తాకి శరీరంలోని స్థిరవిద్యుత్తును వదిలించుకొని, ట్రే బయటికి తీసి, డ్రైవు లేబుల్ మీది నంబరును రాసుకున్నదానితో సరిపోల్చండి.

5. కొత్త డ్రైవును అదే ట్రేలో బిగించండి. 3.5 అంగుళాల డ్రైవుల మరలు, 2.5 అంగుళాల వాటి మరలు ఒకటి కావు. తప్పు మరను బలవంతంగా తిప్పితే దారులు అరిగిపోతాయి.

6. ట్రేను చివరిదాకా నెట్టి, పెట్టెను ఆన్ చేసి, కొత్త డ్రైవు ఖాళీదిగా గుర్తింపు పొందిందని చూశాక మాత్రమే నిల్వ విభాగంలో రిపేర్ లేదా రీబిల్డ్ నొక్కండి. కొత్త నిల్వ సృష్టించే బటన్ తరచుగా దాని పక్కనే ఉంటుంది, దానిని నొక్కకూడదు.

రీబిల్డ్ జరుగుతున్నప్పుడు

వేచి ఉండటమే ఇక పని. సెకనుకు సగటున 150 మెగాబైట్ల వేగంతో 8 టెరాబైట్లు రాయడానికి సుమారు 15 గంటలు కావాలి, మధ్యలో ఇంట్లోవాళ్లు నాస్ వాడుతుంటే ఇంకా ఎక్కువ. రెండు డ్రైవులలో ఒకే సమాచారం ఉంచే రెయిడ్ 1లోనూ, రెయిడ్ 5లోనూ ఈ గంటలన్నీ రక్షణ లేని గంటలే, ఎందుకంటే ఇంకో డ్రైవు పోతే మొత్తం పోతుంది. ఒకేసారి కొన్న డ్రైవులు ఒకే వయసువి కావడం వల్ల ఈ భయం ఊహ మాత్రమే కాదు. పైగా చాలా డ్రైవుల పత్రాలలో, కోటి కోట్ల బిట్లు, అంటే 12.5 టెరాబైట్లు చదివేలోగా ఒక చదవలేని లోపం రావచ్చన్న పరిమితి రాసి ఉంటుంది. వాస్తవంలో డ్రైవులు తరచుగా అంతకంటే మెరుగ్గానే పనిచేస్తాయి. అయినా పెద్ద డ్రైవులతో రెయిడ్ 5 నడిపేవారు రీబిల్డ్ మొదలుపెట్టే ముందే వేరొక నకలు తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఒకే డ్రైవు ఉన్న ఏర్పాటులో రీబిల్డ్ ఉండదు. కొత్త డ్రైవు మీద నిల్వ సృష్టించి, షేర్డ్ ఫోల్డర్లు, వినియోగదారులు, పరిమితులు తిరిగి ఏర్పాటు చేసి, ప్రతి కంప్యూటర్‌లోనూ పాత గమ్యాన్ని తొలగించి కొత్తది చేర్చాలి. ఫోల్డర్ పేరు అదే ఉన్నా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పాత వరుసను కొనసాగించలేదు. మొదటి పూర్తి నకలును వైఫై మీద కాకుండా కేబుల్ మీద తీయండి.

మార్చిన తరువాత ఎదురయ్యే చిక్కులు

కొత్త డ్రైవు అసలు తిరగకపోతే, అది ఎక్స్‌టర్నల్ పెట్టె నుంచి తీసినదేమో చూడండి. అటువంటి కొన్ని డ్రైవులు సాటా పవర్ కనెక్టర్ మూడవ పిన్నులో 3.3 వోల్టులు కనిపిస్తే ఆగిపోయేలా తయారవుతాయి. పాత పవర్ సప్లయిలు ఆ పిన్నుకు కరెంటు ఇస్తాయి. పెద్ద డ్రైవు వేసినా నిల్వ పెరగకపోతే అది లోపం కాదు. రెయిడ్‌లోని అతి చిన్న డ్రైవే మొత్తం సామర్థ్యాన్ని నిర్ణయిస్తుంది, అన్నింటినీ మార్చాక కూడా వాల్యూమ్‌ను విడిగా విస్తరించవలసి రావచ్చు. రీబిల్డ్ ఒకే శాతం దగ్గర పదే పదే ఆగిపోతే కొత్త డ్రైవును నిందించకండి. చాలాసార్లు మిగిలిన పాత డ్రైవులో చదవలేని సెక్టార్ ఉండి ఉంటుంది, దాని 197వ వరుస చూస్తే తెలుస్తుంది.

రీబిల్డ్ పూర్తయి ఆకుపచ్చ దీపం వెలిగినా, ఫైళ్లు తిరిగి వస్తాయని రుజువైనట్టు కాదు. ప్రతి కంప్యూటర్ బ్యాకప్ నుంచి కొన్ని ఫైళ్లను, ఒక పాత ఫోల్డర్‌ను వేరే చోటికి పునరుద్ధరించి, తెరిచి చూడండి. నాస్‌లో నెలకోసారి స్క్రబ్బింగ్ (నిల్వ మొత్తాన్ని చదివి లోపాలు సరిచూడటం) జరిగేలా, లోపం తలెత్తితే ఈమెయిల్ వచ్చేలా ఏర్పాటు చేసి, పరీక్ష సందేశం పంపి అది అందిందో లేదో చూసుకోండి. ఇంటి నాస్‌ను ఇంటర్నెట్‌కు నేరుగా తెరవకండి. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ నెట్‌వర్క్ డ్రైవులలోని సమాచారాన్ని దాడిచేసినవారు దూరం నుంచే చెరిపివేశారు. అటువంటి దాడి ముందు రెయిడ్ ఎందుకూ కొరగాదు. ఇంటి బయట ఇంకో నకలు ఉండవలసింది అందుకే.

ఇక మిగిలింది తీసిన పాత డ్రైవు. పునరుద్ధరణ పరీక్ష ముగిసి, కొత్త ఏర్పాటు కొన్ని వారాలు సాఫీగా నడిచేదాకా దానిని లేబుల్ వేసి భద్రంగా ఉంచండి. ఆ తరువాత, ఇంకా రాయగలిగే స్థితిలో ఉంటే మొత్తం డ్రైవును ఒకసారి సున్నాలతో నింపండి, నేటి డ్రైవులకు అంతకు మించి అవసరం లేదు. వారంటీ కింద పంపవలసిన డ్రైవు రాయడానికి కూడా సహకరించకపోతే, అందులోని సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటేనే పంపండి. ఎన్‌క్రిప్ట్ కానిదైతే వారంటీని వదులుకొని, పళ్లాలకు డ్రిల్లుతో రంధ్రాలు చేసి, ఈ-వ్యర్థాల సేకరణకు ఇవ్వండి. చిన్న డ్రైవులలో గాజు పళ్లాలు ఉండవచ్చు కాబట్టి కళ్లజోడు, చేతి తొడుగులు వేసుకొన్నాకే ఆ పనికి పూనుకోండి.